పాత డీజిలు కారును ఎంచుకొనుట

కారు కొనుట పురుషుల పనియనియు, అందు గూర్చుండుట మాత్రమే స్త్రీల పనియనియు మన యిండ్లలో నొక తలంపు కలదు. కాని యా కారునకు వలసిన సొమ్ము ఇల్లాలి మెడలోని గొలుసునుండి వచ్చినపుడు ఆ తలంపును గొంచెము ప్రక్కకు ద్రోయక తప్పదు. మా తమ్ముని యింట జరిగినది యిదియే గావున, నాటి సంగతులను, అప్పుడు నేను నేర్చుకొన్న విషయములను సోదరీమణులకు విన్నవింపనెంచితిని.

మా తమ్ముడు గుంటూరున నుండి ఒక విత్తనముల సంస్థకు ప్రతినిధిగా బనిచేయుచున్నాడు. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురము మొదలగు చోట్ల దుకాణములకు బోయి, మాదిరి పొట్లములు చూపి, ఆర్డర్లు తెచ్చుట అతని వృత్తి. దినమునకు సుమారు 120 కిలోమీటర్లు, నెలకు 25 దినములు. అనగా నెలకు 3,000 కిలోమీటర్ల తిరుగుడు. నాలుగేండ్లు మోటారుసైకిలుపై దిరిగి నడుము చెడగొట్టుకొనెను. వైద్యుడు ఇక రెండు చక్రముల బండి ఎక్కవలదనెను. క్రొత్త కారునకు శక్తి లేదు. అప్పుడు మా మఱదలు తన తల్లి యిచ్చిన నాలుగు పేటల గొలుసును తీసి, మాటాడక బల్లమీద బెట్టెను. తాకట్టు సొమ్ము చేతికి వచ్చిన మఱునాటినుండి మా తమ్మునికి కార్ల రంగులు తప్ప మఱేమియు గనబడలేదు!

రంగునకు ముందు లెక్క చూడవలయును. లీటరు పెట్రోలు 109 రూపాయలు, డీజిలు 97 రూపాయలు అనుకొందము. ఈ వెలలు మాఱుచుండును గావున మీ యూరి వెలలను వేసికొనుడు. చిన్న కారు లీటరునకు పెట్రోలుతో 15, డీజిలుతో 20 కిలోమీటర్లు నడచుననుకొన్నచో, నెలకు 3,000 కిలోమీటర్లు తిరుగువానికి పెట్రోలు ఖర్చు 21,800 రూపాయలు, డీజిలు ఖర్చు 14,550 రూపాయలు. నెలకు 7,250 రూపాయల మిగులు. డీజిలు కారునకు లక్ష రూపాయలు ఎక్కువ బెట్టినను పదునాలుగు నెలలలో తిరిగి వచ్చును. అదే నెలకు 600 కిలోమీటర్లు మాత్రమే తిరుగు గృహస్థునకు మిగులు 1,450 రూపాయలే. లక్ష తిరిగి వచ్చుటకు దాదాపు ఆఱేండ్లు పట్టును. ఆ లోపల నొక్క పెద్ద మరమ్మతు వచ్చెనా, లాభము నీళ్ళలో గలిసినట్లే. గుడికిని బజారునకును బోవు కుటుంబమునకు డీజిలు వలదనుట యిందువలననే. సి.ఎన్.జి. కారు చౌకయనువారు కలరు. నిజమే, కాని దాని సిలిండరు వెనుక సామానుల చోటును దినివేయును, మార్కాపురము వంటి దూరపు త్రోవలలో బంకు కొఱకు వెదకుకొనవలసివచ్చును.

డీజిలు యంత్రము పొదుపుగా నేల నడచునో తెలిసికొన్నచో, దానిని బరీక్షించు తీరు కూడ తెలియును. పెట్రోలు యంత్రమున నిప్పురవ్వ పుట్టించి ఇంధనమును మండింతురు. డీజిలు యంత్రమున రవ్వ లేదు. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగున వేడెక్కుట మీరు చూచియే యుందురు. అట్లే యిందు గాలిని పదునాఱు, పదునెనిమిదింట నొకవంతు చోటునకు నదిమివేసినచో, ఆ గాలి వేడికే డీజిలు భగ్గున మండును. జర్మనీ దేశీయుడైన రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గు నగరమున ఇట్టి యంత్రమును జయప్రదముగా నడిపి చూపెను. ఇంతగా నదుముటచేత యంత్రము బలిష్ఠముగా జేయబడును. సరిగా జూచుకొన్నచో పెక్కు లక్షల కిలోమీటర్లు నడచును. కాని నేటి డీజిలు కార్లలో ఇంధనమును వేయి వాతావరణములకు మించిన ఒత్తిడితో చిమ్ము ఇంజెక్టర్లు, పొగవేగముతో దిరిగి గాలిని నెట్టు టర్బో అను సున్నితపు భాగములు కలవు. కల్తీ డీజిలును, సకాలమున మార్చని ఆయిలును వీనికి విషములు. కావున డీజిలు కారు విషయమున ఎంత నడచెనని యడుగుటకంటె ఎట్లు నడచెనని యడుగుట మేలు. చల్లని యంత్రముతో దినమునకు రెండు కిలోమీటర్లు నడచిన కారుకంటె, వేడెక్కి దూరము నడచిన కారే లోపల శుభ్రముగా నుండును.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమున భారత్ స్టేజి 6 నిబంధన వచ్చినది. ఆ కారణమున మారుతీ సంస్థ డీజిలు కార్లను మానినది. వోక్స్‌వ్యాగన్ పోలోయు, హోండా జాజ్‌యు డీజిలును విడిచినవి. టొయోటా లీవా మొత్తముగనే ఆగిపోయినది. హ్యుందయ్ ఐ20లో డీజిలు 2023 వఱకు సాగినది. టాటా ఆల్ట్రోజ్‌లో 2025లో వచ్చిన క్రొత్త రూపమునను డీజిలు నిలిచినది. అనగా వెనుక తలుపు పైకి లేచు చిన్న డీజిలు కారు కావలయునన్నచో పాతవానినే ఎక్కువగా వెదకవలయును. 2020 తరువాతి కార్లలో మసిని బట్టు వడపోత యుండును. అది అప్పుడప్పుడు పెద్ద త్రోవలో వేగముగా బోయిననే తనలోని మసిని గాల్చుకొనును. మా తమ్మునివంటి వానికి చిక్కు లేదు. ఊరిలోనే తిరుగువారికి చిక్కే. అంతకు ముందటి చిన్నకార్లలో చాలవానికి ఈ వడపోత లేదు.

స్విఫ్టు డీజిలులో నున్నది ఇటలీ దేశపు ఫియట్ వారు రూపొందించిన 1,248 సి.సి. యంత్రము. దానినే టాటా, ఫియట్ కార్లలోను వాడిరి. అందుచేత దాని గుట్టు తెలియని మేస్త్రి అరుదు, భాగములు పల్లెపట్టునను దొరకును. ఫోర్డు ఫిగో డీజిలు నడచుటకు మిక్కిలి చుఱుకైనది. ఆ సంస్థ 2021లో మనదేశమున తయారీని మానుటచే వెల తగ్గినది. నగరమున నుండువారు దానిని గొనవచ్చును. వినుకొండ దాటిన త్రోవలో ఆగిపోయిన కారునకు భాగము కొఱకు ఎదురుచూచుట వర్తకునికి కుదరదు. కావున స్విఫ్టునే చూడ నిశ్చయించితిమి.

మొదట విజయవాడలో నొక పాతకార్ల దుకాణమునకు బోతిమి. ఆటోనగరునుండి తెలిసిన మేస్త్రిని వెంట దీసికొంటిమి. 2016 నాటి ఎఱ్ఱని కారు. మీటరున 42,000 మాత్రమే. అద్దమువలె మెఱయుచుండెను. తమ్ముడు అప్పుడే దానిలో గూర్చుండి స్టీరింగు నిమురుచుండెను. మేస్త్రి ముందుగా బానెట్టుమీద చేయి వేసి నవ్వెను. మేము వచ్చులోపలనే యంత్రమును వేడిచేసియుంచిరట! చల్లగానున్నపుడే డీజిలు యంత్రపు నిజము బయటపడును: ఎంతసేపు త్రిప్పినకొలది రాజుకొనును, ఏ రంగు పొగ వచ్చును. నీలిపొగ వచ్చినచో ఆయిలు మండుచున్నదనియు, నల్లపొగ విడువక వచ్చినచో గాలియో ఇంజెక్టరో సరిగా లేదనియు, వేడెక్కినను తెల్లపొగ తగ్గనిచో నీరు లోనికి బోవుచున్నదేమోయనియు జూడవలెనట. యంత్రము తిరుగుచుండగా ఆయిలు మూత తీసినచో ఆవిరి గుప్పుగుప్పున పైకి గొట్టరాదు. ఆయిలు నల్లగా నున్నదని మాత్రము వెఱవనక్కఱలేదు. డీజిలులో క్రొత్త ఆయిలును త్వరలోనే నల్లబడును.

నేను నా కంటికి దెలిసినవి చూచితిని. క్లచ్చి పెడలు రబ్బరు అరిగి నున్నబడియుండెను. డ్రైవరు సీటు అంచు కుంగియుండెను. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును దెలుపును. నాలుగు టైర్లమీదను 2219 అని యుండెను. 2016 కారునకు, అంత తక్కువ నడచినదానికి, 2019లోనే టైర్లన్నియు మార్చుటేల? ఇంతలో మా మఱదలు డ్రైవరు తలుపు తెఱచి, స్తంభమువద్ద వంగి, గోటితో నేదియో గీకుచు, మెల్లగా “వదినగారూ, ఇదేమి అంకె?” అనెను. సగము చించిన చిన్న కాగితము. తరువాతి ఆయిలు మార్పు 1,48,000 వద్ద అని యుండెను. దుకాణదారుడు “అది వేఱే కారుదమ్మా, మా కుఱ్ఱవాడు పొరపాటున అంటించినాడు” అనెను. మా తమ్ముడు మాఱు పలుకక దిగివచ్చెను. అంతవఱకు ఆమె కార్లనుగూర్చి యొక్క మాటయు ననలేదు.

మీటరు త్రిప్పుట యొక్కటియే మోసము కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలోను, 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులోను ఎన్నో కార్లు మునిగినవి. అట్టివి కడిగి అమ్మకమునకు రాకుండునా? సీటు బెల్టును తుదివఱకు లాగి చూచినచో బురదచాఱ గనబడును. సీటు క్రింది ఇనుప పట్టాలకు త్రుప్పు, అదనపు చక్రము క్రింద ఒండ్రు, తివాచీ క్రింద ముక్కవాసన. వీనిని ఏ అత్తరును మాపజాలదు.

రెండవ కారు ఒంగోలున నొక ఉద్యోగి యింట జూచితిమి. 2018 నాటి తెల్లని స్విఫ్టు; 1,12,000 కిలోమీటర్లు నడచినది. బంపరున గీతలు, సీట్లు వెలిసినవి. ఆయన దినదినము చీమకుర్తికి పోయివచ్చెడివారట. తమ్ముని మొగము చిన్నబోయెను. నాకప్పుడు నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చెను. విదర్భకు ఒక్క దినమున బోవలసియుండగా బాహుకుడు బక్కచిక్కిన గుఱ్ఱములను దెచ్చెను. ఋతుపర్ణుడు వానిని జూచి కలతపడెను. అశ్వహృదయ మెఱిగినవాడు లక్షణములనే చూచెను గాని కండను జూడలేదు. ఈ కథ చెప్పగా తమ్ముడు “అక్కయ్యా, గుఱ్ఱమునకు ఇ.ఎమ్.ఐ. లేదుగదా” అనెను.

ఆ యింటి ఇల్లాలు పాలలెక్క పుస్తకమువంటి దొకటి తెచ్చి మా మఱదలి చేతికిచ్చెను. ఏడేండ్లలో కొట్టించిన ప్రతి డీజిలు, ఆయిలు మార్చిన ప్రతి తేదీ అందు గలవు. గ్రానైటు దుమ్ముగల త్రోవ గావున గాలి వడపోతను తఱచుగా మార్చినట్లును గలదు. ఉదయము ఆఱు గంటలకు, యంత్రము చల్లగా నుండగా, ఒక్క త్రిప్పునకే రాజుకొనెను. పై గేరులో ఒత్తినపుడు మాత్రము శబ్దము పెరిగినను వేగము వెంటనే పెరుగలేదు. క్లచ్చి అరిగినదని మేస్త్రి చెప్పెను. ఆయన కాదనలేదు. 4,90,000 అడిగి, క్లచ్చి నిమిత్తము తగ్గించి 4,65,000 పుచ్చుకొనిరి.

కాగితముల విషయము చిన్నదిగా దోచును, చిక్కులు పెద్దవి. అమ్మువాడును గొనువాడును 29, 30 సంఖ్యల ఫారములపై సంతకములు చేయవలయును. కారుమీద బ్యాంకు అప్పుండి తీరినదైనచో 35వ ఫారమును, బ్యాంకు పత్రమును దీసికొనవలయును. చట్టప్రకారము ఒకే రాష్ట్రమున అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రవాణా కార్యాలయమునకు దెలుపవలయును. భీమా మార్పునకు 14 దినములు గడువు. హైదరాబాదు కారు చౌకగా వచ్చెనని గుంటూరునకు దెచ్చువారు 28వ ఫారమును, మన రాష్ట్రపు జీవితపన్నును గూడ లెక్కలో వేసికొనవలయును. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లపై 2015లో హరిత న్యాయాధికరణము నిషేధము విధించినప్పటినుండి అచ్చటి కార్లు అగ్గువగా ఇతర రాష్ట్రములకు వచ్చుచుండినవి. 2025లో కొంత సడలింపు కలిగినను, వెల తక్కువకు కారణమేమో అడిగియే కొనవలయును. టాక్సీగా నడచి తరువాత సొంతబండిగా మాఱినదా యనుటయు రిజిస్ట్రేషను పత్రమునందు జూడదగును.

భీమా పత్రమున నొక పంక్తి మా యింటివారు చదివి చూపిరి. సొంత కారు భీమా వృత్తిపని మీద తిరుగుటకు చెల్లును. మాదిరి సరకులను దీసికొనిపోవచ్చును. కిరాయికి నడిపినను, అమ్మకపు సరకు బస్తాలు మోసినను చెల్లదు. తమ్ముడు సంస్థవారి విత్తనపు బస్తాలను కూడ వేసికొనిపోవ దలచియుండెను. ఆ యూహ మానుకొనెను. పాత యజమానికి గల “నో క్లెయిం” తగ్గింపు కారుతోపాటు రాదనియు అప్పుడే తెలిసినది.

కారు వచ్చి నాలుగు నెలలైనది. క్లచ్చికి పదునాలుగు వేలు, బ్యాటరీకి అయిదు వేలు పోయినవి. లీటరునకు ఇరువది, ఇరువదియొకటి వచ్చుచున్నదని మా మఱదలు ఆ పుస్తకములోనే వ్రాసి యుంచుచున్నది. మిగిలినది ప్రతినెల తాకట్టునకు గట్టుచున్నారు. గొలుసు విడిపించుటకు ఇంకను పదునొకండు నెలలు కలవు.