ఎడారి లోయలో రెండు రోజులు: కంటికి కనిపించని మూడు ప్రమాదాలు

జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో ఉన్న మీ ఇంటికి ఒక రాత్రి ఫోన్ వస్తుంది. "బాపూ, ఉగాదికి ముందుగాల నీకూ అమ్మకూ విజిట్ వీసా తీస్తున్న. మా దోస్తులందరం కలిసి గుట్టల నడుమ లోయలకు పోతున్నం. గైడు ఉంటడు, గుడారాలు ఉంటయి. శనివారం పోయి ఆదివారం వస్తం. మీరు గూడ రావాలె" అంటాడు మీ అబ్బాయి.

మీకు సంతోషమే. గల్ఫు అంటే ఇన్నాళ్లూ ఫోనులో వినిపించే గొంతు, సెలవుకు వచ్చినప్పుడు తెచ్చే పెట్టె. ఇప్పుడు ఆ నేలను కళ్లారా చూడబోతున్నారు. "అక్కడ ఎండలు ఎక్కువంటరు గదా?" అని పక్కింటివారు అడిగితే మీరు నవ్వేస్తారు. "మాది జగిత్యాల. మే నెల ఎండలే తట్టుకున్నం. ఆ ఎండ మాకో లెక్కనా?" అంటారు.

ఈ ధీమా గురించే ఈ వారం మాట్లాడుకుందాం.

యు.ఎ.ఇ.లోని హత్తా, రస్ అల్ ఖైమా దగ్గరి జెబెల్ జైస్, ఒమన్‌లోని వాదీ షాబ్, జెబెల్ షమ్స్ పక్కన దాదాపు వెయ్యి మీటర్ల లోతున్న వాదీ గూల్ చాలా అందమైన చోట్లు. 'వాదీ' అంటే మరేమీ కాదు, మన వాగే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే వాగు. నవంబరు నుంచి మార్చి వరకు అక్కడికి వెళ్లి ఒక రాత్రి గడపడం ఆరోగ్యవంతులకు ప్రమాదకరమేమీ కాదు. నలుగురితో నడవడం మనసుకూ, ఒంటికీ మంచిదే. అయితే అక్కడి ప్రమాదాలకు ఒక లక్షణం ఉంది. అవి ముందుగా కనిపించవు. కనిపించాక జాగ్రత్త పడదామంటే ఆలస్యమైపోతుంది.

మొదటిది: కనిపించని చెమట

మన ఊళ్లో ఎండాకాలం చెమట పడితే బనీను తడుస్తుంది, నుదురు కారుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న దుబాయిలోనూ ఉక్కపోత తెలుస్తుంది. కాని లోపలి గుట్టల్లో గాలి పొడిగా ఉంటుంది. చర్మం మీదికి వచ్చిన చెమట వచ్చినట్టే ఆవిరైపోతుంది. బనీను పొడిగానే ఉంటుంది కాబట్టి "నాకు చెమటే పట్టలేదు" అనుకుంటారు. నిజానికి ఎండలో గుట్ట ఎక్కే మనిషి ఒంట్లోంచి గంటకు ఒక లీటరు నీరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోవచ్చు.

దాహం వేసినప్పుడు తాగితే చాలదా? చాలదు. దాహం తెలిసేసరికే ఒంట్లో నీరు కొంత తగ్గి ఉంటుంది. వయసు పైబడిన వారికి దాహం ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. అందుకని గడియారం చూసి తాగండి. నడుస్తున్నంత సేపూ పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగండి. అలాగని గంటకు లీటరున్నర మించి తాగకూడదు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి వేరే చిక్కు వస్తుంది. తాగడానికే మనిషికి రోజుకు కనీసం నాలుగైదు లీటర్లు వెంట ఉండాలి. మధ్య మధ్య ఉప్పు వేసిన మజ్జిగ గాని, ఓ.ఆర్.ఎస్. గాని తీసుకోండి. పాకెట్టు దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలపండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు కలరా సోకినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఎందరి ప్రాణాలో నిలిపింది ఇలాంటి ఉప్పు, చక్కెర నీళ్లతోనే. బీరు నీటికి బదులు కాదు. అది ఒంట్లో ఉన్న నీటిని కూడా బయటికి పంపుతుంది.

మూత్రం లేత పసుపులో ఉంటే సరే. ముదురు పసుపులో, కొంచెం కొంచెంగా వస్తుంటే నీరు చాలడం లేదని అర్థం.

ఇక మన జగిత్యాల ఎండ సంగతి. ఒంటికి ఎండ అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఎండకు దూరమైతే ఆ అలవాటు ఒక నెలలోపే చాలావరకు పోతుంది. అంటే కిందటి మే నెలలో పడ్డ ఎండ ఈ మార్చిలో మీకు అక్కరకు రాదు. మీ అబ్బాయి ఎండలో కట్టడాల పని చేసేవాడైతే అతని ఒంటికి అలవాటు ఉంటుంది. ఏసీ గదిలో కూర్చునేవాడైతే అతనూ మీలాంటివాడే.

ఇంకో మాట. గుట్ట ఎక్కుతూ అలసిపోతే దిగి వెనక్కి రావచ్చు. లోయలో వ్యవహారం తారుమారు. హుషారుగా ఉన్నప్పుడు దిగుతాం, అలసిపోయాక ఎక్కాలి. మీ ఓపికలో, వెంట ఉన్న నీళ్లలో మూడో వంతు ఖర్చయితే చాలు, అక్కడే వెనక్కి తిరగండి. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో ఎండాకాలం ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు లోయలో నడవవద్దని అక్కడి సిబ్బంది చెబుతారు. మీరూ అదే పాటించండి.

రెండవది: ఎండలో వచ్చే వరద

సిరిసిల్ల వారికి మానేరు సంగతి చెప్పనక్కర లేదు. 2021 సెప్టెంబరులో పట్టణపు వీధుల్లోకే నీళ్లొచ్చాయి. అయితే మన దగ్గర వాన పడుతుంటే వరద వస్తుందని తెలుస్తుంది. వాదీలో మీ తల మీద ఎండ కాస్తుండగానే, పైన ఎక్కడో గుట్టల మీద కురిసిన వాన నిమిషాల్లో వచ్చి మీద పడుతుంది. అక్కడ ఉన్నది బండ. బండ నీటిని పీల్చుకోదు.

2024 ఏప్రిల్ 14న ఒమన్‌లో ఇలా వచ్చిన వరదల్లో చాలామంది ప్రాణాలు పోయాయి. చనిపోయిన వారిలో ఒకే వాహనంలో ఉన్న బడిపిల్లలు కూడా ఉన్నారు. రెండు రోజుల తరువాత యు.ఎ.ఇ.లోని అల్ ఐన్ ప్రాంతంలో ఒక చోట 24 గంటలైనా కాకముందే 254 మిల్లీమీటర్ల వాన పడింది. పారే నీరు జానెడు లోతు ఉంటే చాలు, మనిషిని పడేస్తుంది. రెండడుగులు ఉంటే చాలా వాహనాలను ఈడ్చుకుపోతుంది. వరద పారే వాదీలోకి వాహనం దింపితే యు.ఎ.ఇ.లో 2023 నుంచి రెండు వేల దిర్హముల జరిమానా వేస్తున్నారు.

కాబట్టి వాగు ఇసుక మెత్తగా ఉంది కదా అని అక్కడ గుడారం వెయ్యనివ్వకండి. బండల మీద, చెట్ల కొమ్మల్లో చిక్కుకున్న చెత్త చూడండి. నీరు అంత ఎత్తుకు వచ్చిందని అది చెబుతోంది. మీ పడక దానికన్నా బాగా పైన ఉండాలి. పారే నీరు ఉన్నట్టుండి మట్టి రంగుకు తిరిగినా, పై నుంచి హోరు వినిపించినా సామాను వదిలేసి పక్క గుట్ట ఎక్కండి. చెప్పుల కోసం కూడా ఆగవద్దు.

మూడవది: వాసన లేని విషం

ఎడారిలో పొద్దు గూకితే చలి మొదలవుతుంది. మాంసం కాల్చిన పొయ్యిలో ఇంకా నిప్పులుంటాయి. "అమ్మకు చలి పెడుతోంది" అని ప్రేమగా ఆ కుంపటి తెచ్చి గుడారంలో పెడతారు. ఇంతకన్నా ప్రమాదకరమైన ప్రేమ మరొకటి లేదు. కాలుతున్న బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ సంగతి తెలియదు. వారు మరి లేవరు.

పొగ రావడం లేదు కదా అనుకోకండి. పొగ లేని ఎర్రటి నిప్పుల్లోనూ ఈ విషం ఉంటుంది. గుడారంలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైతే అందరినీ వెంటనే బయటికి తీసుకురండి, తరువాత ఆస్పత్రికి తీసుకెళ్లండి. చలికి మందు దుప్పట్లు, ఉన్ని టోపీ, మేజోళ్లు. కుంపటి కాదు.

వడదెబ్బ తగిలితే

తల తిరగడం, పిక్కలు పట్టేయడం, విపరీతమైన నీరసం వస్తే నడక ఆపి నీడలో పడుకోబెట్టండి. బట్టలు వదులు చేసి ఉప్పు, చక్కెర నీళ్లు కొంచెం కొంచెంగా పట్టండి. ఇది తొలి మెట్టు.

మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, పిలిస్తే పలకకపోయినా అది వడదెబ్బే అనుకోండి. అప్పటికి ఒంటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి ఉండవచ్చు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకండి. నడిచి నడిచి వడదెబ్బ తగిలిన వారికి చెమట పట్టవచ్చు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. కారెక్కించి ఆస్పత్రికి పరుగు తీస్తారు. లోయలోంచి ఆస్పత్రికి గంటలు పట్టవచ్చు. ముందు చల్లబరచండి, ఆ తరువాత తరలించండి. ఒంటినిండా నీళ్లు పోసి గట్టిగా విసరండి. ఐసు ఉంటే మెడకు, చంకలకు, గజ్జలకు ఆనించండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు. జ్వరం బిళ్ల వెయ్యవద్దు, ఈ వేడిని అది తగ్గించలేదు. యు.ఎ.ఇ.లో అంబులెన్సుకు 998, ఒమన్‌లో అత్యవసర సహాయానికి 9999, మన దేశంలో 108 నంబర్లకు ఫోన్ చెయ్యండి.

బయలుదేరే ముందు

రోజంతా సాంచాల దగ్గర నిలబడినా, కూర్చుని బీడీలు చుట్టినా కాళ్లకు గుట్టలెక్కే అలవాటు రాదు. నెల రోజుల ముందు నుంచి రోజూ అరగంట, ముప్పావుగంట వేగంగా నడవండి. నడుస్తుంటే ఛాతీలో బరువు, ఆయాసం వస్తే ప్రయాణం మాట పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి.

రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయే బిళ్లలు వాడేవారు, చక్కెర వ్యాధి మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగండి. గుండె, మూత్రపిండాల జబ్బులకు నీళ్లు తక్కువ తాగమని చెప్పించుకున్న వారు పైన రాసిన లెక్క ప్రకారం తాగకూడదు. వారు లోయలోకి దిగకుండా పైనుంచి చూసి ఆనందించడమే మేలు. ఇన్సులిన్‌ను కారులో వదలకండి, ఐసుకు తగలనీయకండి. మూత ఉన్న ఫ్లాస్కులో పెట్టుకోండి. చక్కెర వ్యాధి ఉన్నవారు వట్టి కాళ్లతో కాలే బండ మీద అడుగు పెట్టరాదు. అందరూ పొద్దున బూట్లు దులిపి తొడుక్కోవాలి, తేళ్లుంటాయి.

మందుల చీటీ వెంట ఉంచుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ వంటివి అనుమతి లేకుండా యు.ఎ.ఇ.కి తీసుకుపోతే జైలుపాలు కావచ్చు. మసాలా మూటలో గసగసాలు కూడా పెట్టకండి, అక్కడ అవి నిషిద్ధం.

గైడును మొహమాటం లేకుండా అడగండి. ఎందరికి ఒక గైడు? పైన వాన సూచన ఉంటే ప్రయాణం మానుకుంటారా? ఫోన్ పలకని చోట కబురు ఎలా పంపుతారు? దగ్గరి ఆస్పత్రి ఎంత దూరం? ఇక గుంపులో ఇద్దరిద్దరు జోడీ కట్టండి. తన మాట తడబడుతోందని మనిషికి తనకు తెలియదు, పక్కవాడే కనిపెట్టాలి.

వీసా లేని లోయ

గల్ఫు వరకు పోలేనివారికి మన కడప జిల్లాలో గండికోట ఉంది. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే లోయ అది. అక్కడా గుడారాల్లో రాత్రి గడపవచ్చు. వెళ్లదలచుకుంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి. పిల్లల సెలవులని మే నెలలో పోవద్దు. కంచె లేని లోయ అంచున ఫోటోల కోసం నిలబడవద్దు. నీళ్లు, నిప్పులు, నీడ గురించి పైన చెప్పినవన్నీ అక్కడికీ వర్తిస్తాయి.

ఏళ్ల తరబడి దూరంగా ఉన్న బిడ్డతో నక్షత్రాల కింద ఒక రాత్రి గడపడం చిన్న అదృష్టం కాదు. తప్పక వెళ్లండి. గడియారం చూసి నీళ్లు తాగండి, వాగుకు పైన పడుకోండి, కుంపటి బయట ఉంచండి. ఈ మూడూ మరచిపోకుండా ఈ కాగితం కత్తిరించి మీ అబ్బాయికీ పంపండి. మీకు జాగ్రత్తలు చెప్పాల్సినవాడు ముందుగా తనే పాటించాలి కదా!