రాయి మట్టి కావడానికి వందల ఏళ్లు - పోవడానికి ఒక్క వాన చాలు

గట్టి వాన పడినప్పుడు మీ చేలోంచి ఎర్రనీళ్లు వంకలోకి పోవడం చూస్తూనే ఉంటారు. ఆ ఎరుపు మీ పైమట్టిదే. అది ఎలా తయారైందో, ఎలా పోతోందో తెలిస్తే కాపాడుకోవడం తేలిక.

మట్టి తయారయ్యే తీరు

మన ఎర్ర నేలలు గ్రానైట్, నైస్ రాళ్ల నుంచి పుట్టినవి. పగటి ఎండకు రాయి ఉబ్బుతుంది, రాత్రి చల్లబడి కుంచించుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగి పగుళ్లు వస్తాయి. అందులోకి వాననీరు, చెట్ల వేర్లు దిగుతాయి. నీటి ప్రభావంతో రాయిలోని కొన్ని ఖనిజాలు బంకమన్నుగా మారతాయి. ఇనుము తుప్పుపట్టి మట్టికి ఎరుపునిస్తుంది. పలుగు మాత్రం ఇసుకగా మిగులుతుంది. రాతి మూలలు ముందుగా అరుగుతాయి కాబట్టే గుత్తి, రాయదుర్గం గుట్టల మీద గుండ్రాళ్లు కనిపిస్తాయి. దీన్ని శిలాశైథిల్యం అంటారు. ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన పడే మన జిల్లాలో ఇది చాలా నెమ్మదిగా జరుగుతుంది. అంగుళం మట్టికి వందల ఏళ్లు పడుతుంది.

మట్టి పోయే తీరు

వేరుశనగ పీకేశాక చేను మళ్లీ విత్తేదాకా బోసిగా ఉంటుంది. వాన చినుకు నేరుగా తగిలి మట్టి గడ్డలు చితికిపోతాయి, పైపొర బిగుస్తుంది, నీరు ఇంకక పారుతుంది. ముందుగా కొట్టుకుపోయేది తేమను, పోషకాలను పట్టి ఉంచే సన్నని మట్టే. మిగిలేది గరుసు. అందుకే అలాంటి చేలో బెట్ట వస్తే పైరు ముందుగా వాడుతుంది.

ఎకరాలో 1 మి.మీ. పొర పోతే కంటికి ఆనదు. లెక్క వేస్తే అది సుమారు 6 టన్నులు, అంటే దాదాపు రెండు ట్రాక్టర్ల మట్టి.

గాలి కూడా తక్కువేమీ కాదు. వేదవతి (హగరి) నది ఇసుకను నైరుతి గాలులు ఎత్తిపోయడం వల్లే కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఇసుక దిబ్బలు ఏర్పడ్డాయి.

మీరు చేయాల్సినవి

- దుక్కి, విత్తనం వాలుకు అడ్డంగానే వేయండి.
- వేరుశనగలో ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డు చాలు తీయండి. పారే నీరు అందులో ఆగి ఇంకుతుంది.
- 11 సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేయండి. వేరుశనగ పీకాక కూడా కంది చేలో నిలబడి ఉంటుంది.
- గట్లు తెగితే వానలకు ముందే పూడ్చండి. గట్ల మీద గ్లిరిసిడియా నాటండి. కొమ్మలు నరికి చేలో పరిస్తే ఆచ్ఛాదనగానూ, ఎరువుగానూ పనికొస్తాయి.
- గాలి ఎక్కువగా వీచే చేలకు పడమటి గట్టున వేప, సరుగుడు వంటి చెట్లు వరుసగా పెంచండి.
- వేసవిలో చెరువు పూడిక మట్టి తోలుకోండి. అది చాలావరకు ఎగువ చేల నుంచి పోయిన సన్న మట్టే. ముందు భూసార పరీక్ష చేయించండి.

అన్నీ ఒకేసారి కుదరకపోతే వచ్చే వానకు గట్ల వెంట నడిచి, ఎర్రనీరు ఎక్కడి నుంచి బయటికి పోతోందో గుర్తుపెట్టుకోండి. పని అక్కడి నుంచే మొదలుపెట్టండి.