గిట్టలు దీర్చినపిదప స్వారి యెన్నఁడు?

అశ్వారోహణము పురుషులకే చెల్లునని యెంచిన కాలము గడచిపోయినది. ఎన్.సి.సి. అశ్వదళములందును, నగరములందలి స్వారిశాలలందును నేఁడు మన బాలికలు జీనుపై గూర్చుండి పగ్గములు పట్టుచున్నారు. స్వారిచేయువారి క్షేమము గుఱ్ఱముయొక్క నాలుగు గిట్టలమీఁదను, కళ్లెము పట్టిన నోటిమీఁదను ఆధారపడియుండును. కావున బిడ్డను స్వారికిఁ బంపు తల్లి యీ రెంటినిగూర్చి కొంత తెలిసికొనియుండుట మేలు.

"నిన్ననే లాడములు కొట్టించితిమి, నేఁటి యుదయమే పండ్లు రాయించితిమి, ఇఁక సాయంకాలము నిశ్చింతగా నెక్కవచ్చును" అని కొందఱందురు. ఈ మాటలో నిజమును గలదు, ప్రమాదమును గలదు.

గిట్ట మన గోరువంటిది. దాని వెలుపలిగోడకు నొప్పి తెలియదు. అది నెలకు 6 మొదలు 10 మిల్లీమీటర్లవఱకుఁ బెరుగును. అందుచేత సాధారణముగా 6 లేక 8 వారముల కొకమాఱు దానిని గత్తిరించి, ఆకురాతితో సమముచేసి, వలసినచో లాడము కొట్టుదురు. పని నేర్పుతో జరిగినయెడల గుఱ్ఱము బాధపడదు; ఆనాఁడే మెల్లని స్వారికిఁ బనికివచ్చును. కాని గోరు మితిమీఱి తీసినప్పుడు మన వ్రేలికొన సలుపునట్లే, అడుగుభాగము పలుచనైన గిట్టయు సలుపును. అట్టి గుఱ్ఱము లాడము లేక కంకరబాట నడచినప్పుడు అడుగులు కుదించుకొనును.

మేకు లోపలి మెత్తని భాగమునకు మిక్కిలి సమీపమునఁ దిగినచో, కుంటు ఆనాఁడు కానరాక కొన్ని దినములకు బయటపడవచ్చును. కాఁబట్టి స్వారికి ముందు గుఱ్ఱమును గట్టినేలపై నడిపించి, చిన్నదౌడు తీయించి చూడవలెను. ఒక గిట్ట తక్కినవానికంటె వేఁడిగా నుండినను, దానిపైని కీలువద్ద నాడి బలముగాఁ గొట్టుకొనినను, నడకలో తల యెగురవేయుచుండినను జీను వేయరాదు. లాడములు కొట్టినవానిని, పశువైద్యుని వెంటనే పిలిపింపవలెను. గుఱ్ఱములకు ధనుర్వాతము సులభముగా సోఁకును గనుక, దాని టీకా కాలము దాఁటకుండఁ జూచుకొనుటయు ముఖ్యము.

ఇఁక దంతముల సంగతి. గుఱ్ఱపు దవడపండ్లు ఏఁటికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున చాలకాలము పైకి వచ్చుచునే యుండును; గడ్డి నమలుటచే నరుగుచుండును. పైదవడ క్రిందిదవడకంటె వెడల్పగుటచే పైపండ్ల వెలుపలి యంచులును, క్రిందిపండ్ల లోపలి యంచులును సరిగా నరుగక వాడియై బుగ్గలను, నాలుకను గోయును. కళ్లెము బిగించినప్పుడు బాధ యధికమగును. అప్పుడు తల విదలించిన గుఱ్ఱమును పొగరుబోతని కొట్టువారు గలరు. తప్పు దానిది గాదు. ఏఁట నొకసారియైనను వైద్యునిచే నోరు చూపించి యంచులు రాయించుట యిందుకే.

ఈ పనికి తఱచుగా మత్తుసూది వేయుదురు. ప్రమాదమంతయు నిచ్చటనే యున్నది. మత్తు వదలినట్లు తోఁచినను గుఱ్ఱమునకుఁ గొంతసేపు కాళ్ల పట్టుండదు. ఆనాఁడు దాని నెక్కరాదు. పూర్తిగా తెలివి రాకముందు గడ్డి, దాణా పెట్టరాదు. మేఁత గొంతులో నడ్డుపడును. మత్తు లేకయే రాచినను, నోరు చాలసేపు తెఱచియుంచుటచే దవడలు నొచ్చియుండవచ్చును గనుక నొకనాఁటి విశ్రాంతి మంచిదే. సాధారణముగా మఱునాఁడు స్వారికి అభ్యంతర ముండదు. కాని దవడపండ్ల ముందు మొలచు చిన్నపంటిని ఊడఁబెఱికినచో, కళ్లెపుకమ్మి దాని చెంతనే యుండును గనుక, చిగురు మానినదని వైద్యుఁడు చెప్పువఱకు కళ్లెము పెట్టరాదు.

మన పూర్వులు అశ్వవైద్యమును శాలిహోత్రుని పేర స్మరించిరి. విరాటుని కొలువున అజ్ఞాతవాసము చేయుటకు నకులుఁడు కోరికొన్నది గుఱ్ఱముల సంరక్షణమే. రాజపుత్రునకుఁ దగని పనిగా నతఁడు దానిని దలంపలేదు.

స్వారిశాలవారికి గుఱ్ఱ మొకపూఁట నిలిచిన నంతవఱకు రాఁబడి తగ్గును. తొందర యచ్చటనే పుట్టును. తల్లి యడుగవలసిన ప్రశ్నలు మూఁడు: గిట్టలు దీర్చి యెన్నినాళ్లయినది? నేఁడు మత్తుసూది వేసితిరా? ఎవరైనను దీనిని నడిపించి చూచితిరా? మా మేనకోడలు స్వారి నేర్చుకొనుచోట నే నివి యడుగుచుందును. గుఱ్ఱపువాఁడు విసుగుకొనలేదు సరికదా, ఒకనాఁడు తానే ముందుగా, "అమ్మా, నేఁడు దీనికి సెలవు" అని చెప్పి మఱియొక గుఱ్ఱమును దెచ్చెను.

సోదరీమణులారా, ఒకపూఁట స్వారి పోయినచో మఱునాఁడు దొరకును. గుఱ్ఱము కాలు తొట్రిలి బిడ్డ క్రిందఁబడినచో ఆ నష్టము పూడ్చుట యెవరితరము? నోరులేని జీవి తన బాధను నడకతోడను, తల విదలించుటతోడను మాత్రమే చెప్పఁగలదు. ఆ మాట విని, పిదప జీను వేయింతము గాక.