వాతావరణ మార్పు – జల సంఘర్షణలు: కృష్ణా పరీవాహక ప్రాంతం నేర్పుతున్న పాఠాలు

వాతావరణ మార్పు ప్రభావాలను మన పరిశోధనలలో సాధారణంగా దిగుబడి నష్టంగానో, చీడపీడల ఉధృతిగానో, పంటకాలంలో వచ్చే తేడాలుగానో కొలుస్తున్నాము. అవే ప్రభావాలు గ్రామాల మధ్య, రాష్ట్రాల మధ్య ఘర్షణగా పరిణమించే అవకాశాన్ని మాత్రం రాజనీతి శాస్త్రానికి వదలివేశాము. అయితే మన ప్రాంతంలో అటువంటి ఘర్షణ ప్రధానంగా సాగునీటి చుట్టూనే నడుస్తున్నది. సాగునీటి అవసరాన్ని నిర్ణయించేది పంట. కనుక ఈ అంశం వ్యవసాయ శాస్త్రవేత్తల పరిధిలోనిదే.

కారణమా, ఉత్ప్రేరకమా?

సిరియాలో 2006 తరువాత వచ్చిన తీవ్రమైన కరవు వల్ల ఈశాన్య ప్రాంత రైతు కుటుంబాలు పెద్ద సంఖ్యలో పట్టణాలకు వలసపోయాయి. 2011లో మొదలైన అంతర్యుద్ధానికి ఈ వలసలు దోహదం చేశాయని కొందరు పరిశోధకులు వాదించారు. మరికొందరు ఆ వాదనను అంగీకరించలేదు. భూగర్భ జలాలను విచ్చలవిడిగా తోడటం, డీజిల్, ఎరువుల రాయితీల ఉపసంహరణ వంటి ప్రభుత్వ విధానాలే గ్రామాలను ఎక్కువగా దెబ్బతీశాయని వారు చూపించారు. ఐక్యరాజ్యసమితికి చెందిన ఐపీసీసీ తన ఆరవ నివేదికలో మధ్యేమార్గ నిర్ధారణకు వచ్చింది. వాతావరణ వైపరీత్యాలు సంఘర్షణలకు తోడ్పడుతున్నాయనీ, అయినా సామాజిక, ఆర్థిక కారణాలతో పోలిస్తే వాటి ప్రభావం ప్రస్తుతానికి తక్కువేననీ ఆ నివేదిక పేర్కొన్నది.

కరవు తనంతట తానుగా తగాదాను సృష్టించదు. పంపకపు నియమాలు బలహీనంగా ఉన్నచోట ఉన్న తగాదాను రగిలిస్తుంది. ఈ దృష్టితో కృష్ణా పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించవలసి ఉన్నది.

పాత నది లెక్కలు

బచావత్ ట్రైబ్యునల్ 1894-95 నుంచి 1971-72 వరకు 78 సంవత్సరాల ప్రవాహాలను పరిశీలించింది. 75 శాతం విశ్వసనీయతతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు లభించే నీటిని 2,060 టీఎంసీలుగా నిర్ధారించింది. పొలాల నుంచి తిరిగి నదిలో చేరే 70 టీఎంసీలను కూడా కలిపి మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీల చొప్పున పంచింది. తరువాత ఏర్పడిన బ్రిజేష్‌కుమార్ ట్రైబ్యునల్ 1961-62 నుంచి 2007-08 వరకు 47 సంవత్సరాల లెక్కలు తీసుకొని, 65 శాతం విశ్వసనీయత వద్ద 2,293 టీఎంసీలుగా అంచనా వేసింది. సుప్రీంకోర్టు ఉత్తర్వుల కారణంగా ఆ తీర్పు అమలులోకి రాలేదు.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. విశ్వసనీయతను 75 నుంచి 65 శాతానికి తగ్గిస్తే కాగితం మీద నీరు పెరుగుతుంది. కాని అంచనా కంటే తక్కువ నీరు వచ్చే ఏళ్లు నూటికి 25 నుంచి 35కు పెరుగుతాయి. పైగా రెండు లెక్కలూ గతంలో ప్రవహించిన నదే భవిష్యత్తులోనూ ప్రవహిస్తుందన్న ఊహపై ఆధారపడినవి. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే అది నిలుపుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ఫలితంగా భారీ వానల తీవ్రత పెరుగుతున్నది, వాటి మధ్య వచ్చే బెట్ట కూడా కఠినమవుతున్నది. అటువంటి పరిస్థితిలో సగటు ప్రవాహం మారకపోయినా, పంటకు అవసరమైన వారంలో కాలువలో నీరు ఉంటుందన్న హామీ ఉండదు.

2009 సంవత్సరం ఇందుకు నిదర్శనం. ఆ ఏడాది దేశవ్యాప్తంగా నైరుతి వర్షపాతం సగటులో 78 శాతమే. అదే ఏడాది అక్టోబరు మొదట్లో శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ ప్రాజెక్టును సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకు రూపొందించారు. కర్నూలు నగరం మునిగిపోయింది.

డ్యామ్‌పై పోలీసులు

రాష్ట్ర విభజన తరువాత 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటు ప్రకారం 811 టీఎంసీలలో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలు. ఈ నిష్పత్తి శాశ్వతం కాదని తెలంగాణ, అదే కొనసాగాలని ఆంధ్రప్రదేశ్ వాదిస్తున్నాయి. ప్రవాహాలు తగ్గిన ఏడాది ఏ ప్రాజెక్టు నుంచి ఎంత నీరు విడుదల చేయాలో తేల్చే బాధ్యతను 2014 విభజన చట్టంలోని 89వ సెక్షన్ ట్రైబ్యునల్‌కు అప్పగించింది. దశాబ్దం దాటినా ఆ విధానం ఆచరణలోకి రాలేదు.

ఈ లోటు ఫలితం రెండుసార్లు బయటపడింది. 2015 ఫిబ్రవరిలో నాగార్జునసాగర్ డ్యామ్‌పై రెండు రాష్ట్రాల పోలీసులు తలపడ్డారు. 2023లో ఎల్‌నినో ప్రభావంతో ఆగస్టు నెల 1901 తరువాత దేశంలో అత్యంత పొడిగా గడిచింది. ఆ ఏడాది నవంబరు 30 తెల్లవారుజామున ఆంధ్రప్రదేశ్ పోలీసులు డ్యామ్‌పై సగం గేట్ల వరకు ముళ్లకంచె వేశారు, కుడి కాలువకు నీరు విడుదలైంది. చివరకు కేంద్ర బలగాలను మోహరించవలసి వచ్చింది. అదే రోజు తెలంగాణలో శాసనసభ ఎన్నికలు. రాజకీయం లేదనలేము, కేవలం రాజకీయమనీ అనలేము. కావేరి విషయంలో 2012, 2016, 2023 సంవత్సరాలలో వివాదం ముదిరినది కూడా వానలు తగ్గినప్పుడే.

ఒక టీఎంసీ విలువ

ఒక టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. వరికి పొలంలో 1,200 మిల్లీమీటర్ల నీరు అవసరమనుకుంటే, కాలువ నష్టాలను మినహాయించి, ఒక టీఎంసీతో దాదాపు 5,800 ఎకరాలు పండుతాయి. 500 మిల్లీమీటర్లతో సరిపోయే ఆరుతడి పంటలైతే దాదాపు 14,000 ఎకరాలు. రాష్ట్రాల మధ్య పది టీఎంసీల కోసం జరిగే వాదన పంటల సరళిని బట్టి సుమారు 58,000 ఎకరాల సమస్య కావచ్చు, లేదా 1,40,000 ఎకరాల సమస్య కావచ్చు.

అయితే పొలంలో ఆదా అయిన నీరంతా నదికి మిగిలినట్లు కాదు. తడి-పొడి విధానంలో నీటి మట్టం నేల ఉపరితలానికి 15 సెంటీమీటర్ల దిగువకు చేరిన తరువాతే తిరిగి తడి ఇస్తారు. పూత దశలో మాత్రం నీరు నిలుపుతారు. దీనివల్ల సాగునీటిలో 30 శాతం వరకు ఆదా సాధ్యమే. కాని ఆ ఆదాలో అధిక భాగం లోతుకు ఇంకే నీరు. ఆ ఊటే దిగువన బావులకు, మురుగు కాలువలకు, తిరిగి నదికి చేరేది. ఎగువ ఆయకట్టులో ఆదా చేసిన నీటితో అక్కడే కొత్త ఆయకట్టును సాగుచేస్తే దిగువ రైతుకు అందేది తగ్గుతుంది. ఆదా అయిన నీరు ఎవరిదో ముందే నిర్ణయించకపోతే మనం సిఫారసు చేసే సాంకేతికతే కొత్త తగాదాకు దారితీయవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

మన ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు వర్షాధార ప్రాంతాలకు రుతుపవనాల రాక తేదీతో ముడిపడి ఉన్నాయి. ఆయకట్టు ప్రాంతాలకు వాటిని జలాశయ నీటిమట్టంతో ముడిపెట్టాలి. జులై చివరికి నీరు ఈ మట్టంలో ఉంటే పూర్తి వరి, అంతకు తగ్గితే స్వల్పకాలిక రకాలు లేదా వెద పద్ధతి, మరింత తగ్గితే ఆరుతడి పంటలు మాత్రమే అన్న మెట్ల పట్టికను ప్రతి ప్రాజెక్టుకూ ముందుగా ప్రకటించాలి. నారుమళ్లు పోసిన తరువాత చెప్పే సలహా రైతుకు ఉపయోగపడదు.

రెండవది, చివరి భూముల సమస్య. కాలువ మొదట్లోని రైతు ముందుగా నాట్లు వేసి, ఎక్కువ నీరు వాడుకొని, చివరి రైతుకు ఎండిన పొలం మిగిల్చే స్థితి ప్రతి మేజరు కింద కనిపిస్తుంది. వారబందీ అమలు, తూముల వద్ద కొలత, ఆ కొలతలను నీటి సంఘం కార్యాలయంలో ప్రదర్శించడం వంటి పనులు ఖర్చుతో కూడినవి కావు. ఎంత నీరు ఎటు పోయిందో అందరికీ కనిపిస్తే అనుమానం తగ్గుతుంది. రాష్ట్రాల స్థాయిలో ఇదే సూత్రం టెలిమెట్రీ కేంద్రాలకూ వర్తిస్తుంది.

మూడవది, పరిశోధన. హెక్టారుకు దిగుబడితో పాటు ఘనపు మీటరు నీటికి దిగుబడిని, తిరిగి నదికి చేరే నీటి పరిమాణాన్ని కూడా మన ప్రయోగాలలో తప్పనిసరిగా నమోదు చేయాలి. ట్రైబ్యునళ్ల ఎదుట న్యాయవాదులు వాదించేది ఈ అంకెల ఆధారంగానే. కొరత ఏడాదిలో ఏ పంట ఏ దశలో ఎంత కోతను తట్టుకోగలదో చెప్పగల సమాచారం వ్యవసాయ విశ్వవిద్యాలయాల వద్దనే లభించాలి. స్నాతకోత్తర విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసాలకు ఈ అంశాన్ని చేపట్టినట్లయితే, రానున్న కొరత ఏడాదిలో రెండు రాష్ట్రాల అధికారులు కూర్చొని మాట్లాడుకునేందుకు ఒక ఉమ్మడి లెక్క అయినా సిద్ధంగా ఉంటుంది.