ఓర్వకల్లు నుంచి గన్నవరానికి: గంటా, ఏడు గంటలా?

"సిస్టర్, మంగళగిరి ఎయిమ్స్‌కు రాసిచ్చినారు గదా. కర్నూలు నుంచి విమానమెక్కితే గంటేనంట. నాయనను అట్లనే పిల్చుకొని పోదామా?" ఈ ప్రశ్న మా వార్డుల్లో ఇప్పుడు తరచుగా వినబడుతోంది. అందుకే లెక్క వివరంగా చెబుతున్నాము.

ఓర్వకల్లులోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చిలో ప్రారంభమైంది. విజయవాడ సర్వీసు 2025 జులై 2న మొదలైంది. అప్పుడు వారానికి మూడు రోజులే అన్నారు. రోజులు, వేళలు మారుతుంటాయి కనుక, టికెట్టు తీసే ముందు తప్పక విచారించుకోండి.

ఓర్వకల్లుకు, గన్నవరానికి మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 300 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే ఏ.టి.ఆర్. రకం చిన్న విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోగలదు. అయినా రన్‌వే మీద నడవడం, పైకి లేవడం, దిగడం కలిపి గంట పైనే పడుతుంది.

కానీ మన ఇల్లు ఓర్వకల్లులో లేదు గదా! ఆదోని నుంచి అక్కడికి దాదాపు 120 కిలోమీటర్లు. మన రోడ్ల మీద రోగితో పోతే మూడు గంటలు. ఎమ్మిగనూరు వారికి కొంత తక్కువ. గంటన్నర ముందే అక్కడ ఉండాలి. గన్నవరంలో దిగి, సామాను తీసుకొని మంగళగిరి చేరేసరికి ఇంకో గంటన్నర. మొత్తం ఏడు గంటలు, అందులో పడుకునే వీలు ఎక్కడా ఉండదు. నడుము వాల్చక తప్పని రోగికి గుంతకల్లు నుంచి నంద్యాల, గుంటూరు మీదుగా పోయే రాత్రి రైలే మేలని మా అభిప్రాయం.

విమానంలో ఇంకొక సంగతి ఉంది. లోపలి గాలి ఎత్తైన కొండ మీది గాలివలె పలుచగా ఉంటుంది. కొన్ని విమానాల్లో ఇది 8,000 అడుగుల ఎత్తుతో సమానం, అంటే ఊటీ కన్నా ఎక్కువ. ఆరోగ్యవంతులకు ఇది తెలియదు. రక్తం బాగా తక్కువ ఉన్నవారికి, ఆయాసం ఉన్నవారికి ఇబ్బంది. కడుపు ఆపరేషన్ అయిన కొత్తలో లోపలి గాలి ఉబ్బి కుట్లను లాగుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారు డాక్టరుగారు ఎక్స్‌రే చూసి సరేననే దాకా ఎక్కనేకూడదు. నెలలు నిండుతున్న గర్భిణులకు డాక్టరు సర్టిఫికెట్టు అడుగుతారు, 36 వారాలు దాటితే సాధారణంగా ఎక్కించుకోరు.

మమ్మల్ని బాధపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. ఎమ్మిగనూరు వైపు పల్లెలో ఒక పెద్దాయనకు పొద్దున్నే మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయింది. మరునాడు విమానముందని తెలిసి, ఇంటివారు పూటంతా టికెట్ల కోసం ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. మా దగ్గరికి తెచ్చేసరికి సాయంత్రమైంది. మెదడులో గడ్డను కరిగించే సూదిమందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఆయనకు ఆ గడువు దాటిపోయింది. ఆ చెయ్యి ఇప్పటికీ లేవదు. పక్షవాతం, గుండెనొప్పి, కాన్పు కష్టమైనప్పుడు విమానం ఊసు వద్దు. 108కు ఫోన్ చేయండి, కర్నూలు పెద్దాసుపత్రికైనా సరే, ముందు బయలుదేరండి.

నిదానంగా చూపించుకోవడానికి పోయేవారు నిశ్చింతగా విమానమెక్కవచ్చు. మందులు, రిపోర్టులు చేతి సంచిలోనే పెట్టుకోండి. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్టు తీసేటప్పుడే చెప్పండి. ప్రయాణానికి సర్టిఫికెట్టు కావలసినవారు రెండు రోజుల ముందు ఓ.పి. చీటీతో మా వద్దకు రాగలరు.