ఎంత మందు దట్టించాలి?

పోడు చేలలో చోళ్లు, సామలు గింజ పట్టే రోజుల్లో అడవి పందులు మందలుగా దిగుతాయి. ఒక్క రాత్రిలో ఏడాది కష్టం నేలపాలవుతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో ఈ కష్టానికి చోటు దొరికింది: నిజంగా పంట కాపలాకే అయితే, గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇస్తారు. జంతువును చంపాలంటే మాత్రం 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరే కావాలి. ఒడిశాలోని జయపురం, కోరాపుట్, రాయగడ కొండల్లోనూ, ఇవతల పాడేరు, చింతపల్లి మన్యంలోనూ నాటు తుపాకి ఇంకా కథల్లోకి వెళ్లిపోకుండా మనుషుల మధ్యే ఉంది.

ఆ తుపాకి చుట్టూ బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. మందు ఎంత ఎక్కువ పోస్తే గుండు అంత సూటిగా పోతుందని. ఇది తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. మందు పెంచితే కొంతవరకు వేగం పెరుగుతుంది. గురి కుదరాలంటే మాత్రం ప్రతి గుండూ అంతకుముందు పోయిన గుండు వేగంతోనే పోవాలి. వంద మీటర్ల దూరాన్ని గుండు సగటున సెకనుకు 400 మీటర్ల వేగంతో దాటిందనుకుందాం. పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో భూమి దాన్ని 30 సెంటీమీటర్ల పైచిలుకు కిందికి లాగుతుంది. తర్వాతి గుండు 380 మీటర్ల వేగంతోనే పోతే ఇంకో మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. కన్ను చెదరలేదు, చెయ్యి వణకలేదు, అయినా గుండు తప్పింది. వేగం 400 అయినా 380 అయినా రెండింటికీ ఒకటే ఉంటే ఈ తేడా వచ్చేది కాదు.

తుపాకి గుండు వేగాన్ని నమ్మదగిన తీరులో మొదట కొలిచిన మనిషి బెంజమిన్ రాబిన్స్. వేలాడదీసిన బరువైన చెక్కదిమ్మెలోకి గుండు పేల్చి, దిమ్మె ఎంత వెనక్కి ఊగిందో చూసి వేగం లెక్కగట్టాడు. 1742లో ఆయన పుస్తకం వచ్చింది. నునుపు గొట్టం నుంచి వచ్చిన గుండు ఎందుకు పక్కకు పోతుందో తేల్చడానికి ఆయన చేసిన పని నాకు మరీ ఇష్టం. గొట్టం మూతిని కొంచెం ఎడమకు వంచి పేల్చాడు. గుండు ముందు ఎడమకే బయలుదేరింది, పోనుపోను కుడివైపుకు వంగింది. వంపులో గొట్టం కుడి గోడకు రాసుకోవడంతో గుండు గిర్రున తిరిగింది, ఆ తిరుగుడు వల్ల గాలి దాన్ని పక్కకు నెట్టింది. నునుపు గొట్టంలో గుండు ఏ గోడకు రాసుకుంటుందో, ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు చెక్కితే గుండు ప్రతిసారీ ఒకే దిక్కుకు, తన ప్రయాణపు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. రైఫిల్ అంటే అదే. రాబిన్స్‌ను ఈస్టిండియా కంపెనీ కోటల పనికి కోరమాండల్ తీరానికి రప్పించుకుంది. 1751లో కడలూరు పక్కన ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో ఆయన కన్నుమూశాడు. అప్పటికి బొబ్బిలి యుద్ధానికి ఇంకా ఆరేళ్లుంది. ఆయన విజ్ఞానం అందుబాటులోకి వచ్చాక కూడా చాలా దశాబ్దాల పాటు సిపాయిల చేతుల్లో ఉన్నది నునుపు గొట్టమే. బ్రౌన్ బెస్ అనే తుపాకి గొట్టానికీ గుండుకూ మధ్య మిల్లీమీటరున్నర సందు ఉండేది. త్వరగా దట్టించడానికి వదిలిన ఆ సందే గురిని మింగేసింది.

ఇక మందు కొలత. దట్టించాక కడ్డీ గొట్టంలోంచి ఎన్ని వేళ్ల మేర పైకి ఉందో చూసుకోవడం పాత వేటగాళ్ల అలవాటు. మందు పడిందని తెలుసుకోవడానికి అది చాలు, గురికి చాలదు. అర అంగుళం గొట్టం తీసుకోండి. అందులో మందు ఒక్క మిల్లీమీటరు ఎత్తు పెరిగితే బరువు సుమారు రెండు గ్రెయిన్లు పెరుగుతుంది. (పదిహేను గ్రెయిన్లు ఒక గ్రాము కన్నా కాస్త తక్కువ.) సగం వేలు తేడా వస్తే పద్నాలుగు పదిహేను గ్రెయిన్లు మారినట్టే. డెబ్బై గ్రెయిన్ల మోతాదులో అది అయిదో వంతు. అందుకే కొలత గొట్టం వాడతారు. ప్రతిసారీ ఒకే ఎత్తు నుంచి పోయడం, అన్నిసార్లూ అదే లెక్కన తట్టడం, పైన పోగైనది అంచుతో సమంగా గీసేయడం. మందు రవ్వ సైజు కూడా మారకూడదు. సన్న రవ్వ ఉప్మాకు తొందరగా ఉడికినట్టే, సన్న మందు తొందరగా మండుతుంది. రవ్వ వెడల్పు సగమైతే అదే బరువుకు మంట తాకే పైభాగం రెట్టింపవుతుంది, ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది.

ఈ మందుకు ఇంకో గుణముంది, అసలు తలనొప్పంతా అదే. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన నల్లమందు కాలితే అందులో సగానికి పైగా వాయువు కాదు, ఘనపదార్థమే అవుతుంది. 1870ల్లో నోబుల్, ఏబెల్ అనే శాస్త్రవేత్తలు మూసిన ఉక్కు పాత్రలో కాల్చి తేల్చిన సంగతి ఇది. కొంత పొగై పోతుంది, మిగిలింది మసిగా గొట్టానికి అతుక్కుంటుంది. పుష్యమాసపు పొడి గాలిలో అది గట్టిపడి మూడో గుండుకే కడ్డీని అడ్డుకుంటుంది. ఆషాఢంలో తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, తుడవకుండా వదిలేస్తే గొట్టాన్ని తినేస్తుంది. మసిని మెత్తగా ఉంచడానికే గుండుకు కొవ్వు పూసేవారు. 1857లో సిపాయిల గుండెలు మండించిన ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వుకు ఉన్న సాంకేతిక కారణం ఇంతే: మసి పట్టిన గొట్టంలోకి గుండు సాఫీగా దిగాలి. ఆ పనికి తేనెమైనం, నూనె కూడా సరిపోయేవి. మనుషుల విశ్వాసం లెక్కలోకి రాని చోట ఏ కొవ్వన్న ప్రశ్నను పైవాళ్లు పట్టించుకోలేదు.

1879 రంప పితూరీ జయపురం జమీనులోని మల్కనగిరి దాకా పాకింది. ఆ తరంలో మన్యం చేతుల్లో ఉన్నవి మూతి నుంచి దట్టించే తుపాకులే. వానలో దట్టించడం, మందు పొడిగా కాపాడుకోవడం ప్రాణం మీది పని. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల నుంచి 26 తుపాకులతో పాటు దాదాపు 2500 తూటాలు తీసుకుపోయింది. ప్రతి తూటాలోనూ కొలిచిన మందు, కొలిచిన గుండు ఉన్నాయి. మోతాదు కుదిర్చే పనంతా కార్ఖానా ముందే చేసిపెట్టింది.

దట్టించే రైఫిల్‌తో గురి పోటీలు ఇప్పటికీ అంతర్జాతీయంగా జరుగుతాయి. 13 గుండ్లు, 30 నిమిషాలు, మంచివి 10 లెక్కకొస్తాయి. అక్కడివాళ్లు మోతాదు కుదుర్చుకునే తీరు ఏ ప్రయోగశాలకూ తీసిపోదు. తయారీదారు చెప్పిన కనిష్ఠంతో మొదలుపెట్టి అయిదేసి గ్రెయిన్లు పెంచుతారు, చెప్పిన గరిష్ఠం దాటరు. ప్రతి మోతాదుకూ అయిదు గుండ్లు, ఆనించిన తుపాకితో, 50 మీటర్ల దూరాన. గుండు గుండుకూ మధ్య గొట్టం తుడవడానికి తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి. మందు మార్చిన రోజు గుండుకు చుట్టే గుడ్డపీలిక మార్చరు, పీలిక మార్చిన రోజు మందు మార్చరు. రంధ్రాలు నిలువుగా బారు తీరితే వేగం నిలకడగా లేదని అర్థం. అడ్డంగా పరుచుకుంటే గాలినో, పట్టునో చూసుకోవాలి. ఎటుబడితే అటు చెదిరితే ముందుకెళ్లి, రాలిపడ్డ పీలికలు ఏరుకుని చూడాలి. గుండును చుట్టుకుని గాళ్లను పట్టుకునేది ఆ పీలికే. దాని నడుమ కాలి చిల్లు పడితే జిడ్డు చాలలేదు, లేదా గుడ్డ పలచన. అంచు కోసినట్టు చిరిగితే గొట్టం మూతి పదునుగా ఉంది. నన్నడిగితే, గురిపలక కన్నా ఆ మసిబారిన గుడ్డముక్కే ఎక్కువ విషయాలు చెబుతుంది.

గుండు మందు మీద గట్టిగా ఆని కూర్చోవాలి. నడుమ ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు కూడా. అందుకే కడ్డీ మీద గీత పెట్టుకుంటారు: గీత మూతితో కలిస్తేనే గుండు అడుగు చేరినట్టు. పెద్ద డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి మందు పోయకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా అంతా చేతిలోనే పేలుతుంది. ఆధునిక పొగలేని మందు చిటికెడైనా ఇందులో పనికిరాదు, దాని ఒత్తిడికి ఈ గొట్టాలు ఆగవు. నీళ్ల పైపులతో చేసిన అనుమతిలేని నాటు తుపాకులు చేతులు, కళ్లు తీసుకుంటున్నది ఇలాంటి చోట్లే. వాటికి ఏ మోతాదూ సురక్షితం కాదు.

ఒక మోతాదు దగ్గర అయిదు గుండ్లూ దగ్గరగా పడ్డాయని పొంగిపోకూడదు, అయిదింటికి అదృష్టం కూడా చాలు. వేరే రోజు, వేరే వాతావరణంలో మళ్లీ అదే మోతాదుతో అయిదు, ఆపై ఇంకో అయిదు పేల్చి చూడాలి. జయపురం సముద్రమట్టానికి సుమారు రెండు వేల అడుగుల ఎత్తున ఉంది, కోరాపుట్ దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున. పలచని గాలి వల్ల 50 మీటర్ల దగ్గర వచ్చే తేడా పట్టించుకోవలసినంత ఉండదు. మందు పీల్చుకునే తేమను మాత్రం రాసిపెట్టుకోవాలి. అలా తేలిన మోతాదు ఆ ఒక్క తుపాకికే చెల్లుతుంది. అదే కొలతతో చేసిన పక్క తుపాకి చేతికొస్తే మళ్లీ కనిష్ఠం నుంచే మొదలు.