వికలాంగులకు పింఛనూ, ఇల్లూ

నూజివీడు పేరు వినగానే చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి జ్ఞప్తికి వస్తాయి. ఆ కాయను చెట్టునుండి దించే మనిషి మాత్రం ఎవరికీ జ్ఞప్తికి రాడు. దోటికి చిక్కం కట్టి కొంత కాయ దించవచ్చును గాని చిటారుకొమ్మ చేరాలంటే మనిషి ఎక్కవలసిందే. కొమ్మ విరిగి పడినవానికి వెన్నుపూస దెబ్బతిన్నదంటే వాని నడక ఆనాటితో సరి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటలలో ఇటువంటి పనివారు పలువురు కాపలా పాకలలోనే కాపురముంటారు. భూమి ఒకరిది, కాపు కొన్నవాడు మరొకడు, పాక ఎవరిదీ కాదు. అట్టివానికి చట్టం ఏమి ఇచ్చినదో, అది చేతికి అందే దారి ఏదో ఈ వ్యాసంలో వివరించ తలచాము.

ముందుగా పేరు సంగతి. 1981ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా పాటించిన నాడు మన వాడుకమాట 'వికలాంగులు'. నేడు కేంద్రం 'దివ్యాంగులు' అనీ, మన రాష్ట్రం 'విభిన్న ప్రతిభావంతులు' అనీ వ్యవహరిస్తున్నవి. ఉర్దూలో 'మాజూర్' అంటారు; 'ఉజ్ర్' గలవాడు, అనగా మన్నింపదగిన కారణం గలవాడని అర్థం. పేరు ఎంత అందంగా మారినా పింఛను అంకె మారనిదే ఫలం లేదని మా అభిప్రాయం. జనం నోట నిలిచినది పాతమాటే గనుక దానినే వాడుతున్నాము.

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించగా, 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుండి అమలైన చట్టం ఇరవై ఒకటిని గుర్తించింది. తలసీమియా, పార్కిన్సన్ వ్యాధి, యాసిడ్ దాడి గాయాలు కూడ ఇందులో చేరినవి. వైకల్యం 40 శాతానికి తగ్గనివారికి సాగుభూమి, ఇళ్ల కేటాయింపులలో 5 శాతం ప్రత్యేకించవలెననీ, అందులో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వవలెననీ 37వ సెక్షను చెబుతున్నది. సామాజిక భద్రతా పథకాలలో ఇతరులకు ఇచ్చేదానికన్న కనీసం 25 శాతం అధికంగా ఇవ్వవలెనని 24వ సెక్షను. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల సీట్లలోనూ 5 శాతం వాటా, వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఉన్నవని విద్యార్థులూ, పాలకవర్గ సభ్యులూ గమనింప ప్రార్థన.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై 1న వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, వికలాంగ పింఛను 6,000, పూర్తిగా మంచాన పడినవారికి 15,000 అయినవి. కేంద్రం 2009లో ప్రారంభించిన వికలాంగ పింఛనుకు 80 శాతం వైకల్యం ఉండవలె. అందులో కేంద్రం నిర్ణయించిన వాటా 300 రూపాయలు. ఆ సొమ్ము మా ఊరి సంతలో ఒక బుట్ట రసాలకైనా చాలదు.

వీటన్నిటికీ మూలం సదరం ధ్రువపత్రం. సచివాలయంలోగాని, మీసేవలోగాని పేరు నమోదు చేయించుకొని, ఇచ్చిన తేదీన ప్రభుత్వాసుపత్రిలో వైద్యుల ఎదుట హాజరు కావలె. శాతం నిర్ణయించేది వైద్యులే గాని రెవెన్యూవారు కారు. నిర్ణయం అన్యాయమనిపిస్తే 59వ సెక్షను క్రింద అప్పీలు చేసుకొనే హక్కు ఉన్నది. 2025లో ప్రభుత్వం ఈ పత్రాలను మరల తనిఖీ చేయించినప్పుడు నోటీసులు అందుకొన్నవారికి అప్పీలు ఎంత అవసరమో తెలిసివచ్చింది. ఎక్సరేలు, డిశ్చార్జి కాగితాలు పాక కప్పులో దోపి వానకు తడపక భద్రం చేసుకోవలె.

మన ముస్లిం కుటుంబాలలో మరొక చిక్కు ఉన్నది. 'షేక్' ఒక కాగితంలో పేరుకు ముందు, మరొకదానిలో వెనుక. ఒకచోట 'బీ', వేరొకచోట 'బేగం'. ఉర్దూలో ఒకే తీరున వ్రాసే పేరు ఇంగ్లీషు అక్షరాలలో మూడు తీరులవుతుంది. మనకు ఒకే మనిషి, కంప్యూటరుకు ముగ్గురు. పైగా 2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి మారినందున పాత పత్రాలమీద జిల్లా పేరూ వేరు. ఆధారు, బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం, ఈ మూడింటా పేరు ఒకటిగా దిద్దించిన తరువాతే సదరానికి వెళ్లడం మేలు.

పింఛనుకన్న ఇల్లు కష్టం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం 2016లో వచ్చినప్పుడు ఎంపికకు 2011 నాటి సాంఘిక, ఆర్థిక గణనను ఆధారంగా తీసుకొన్నారు. ఆ గణనలో వైకల్యం లెక్కకు రావాలంటే ఇంట్లో వికలాంగుడు ఉండడం చాలదు; దృఢకాయులైన పెద్దవారు ఇంకెవరూ ఉండరాదు. చెట్టుమీదనుండి పడినవాని భార్య కూలికి పోతున్నదంటే ఆ అంశంలో ఆ ఇంటికి గుర్తింపు లేదు. పగలు కూలి, రాత్రి భర్తకు సేవ చేసే ఆ ఇల్లాలి బలమే ఆ కుటుంబానికి అనర్హత కావడం విచిత్రం. తోటల వెంట తిరిగేవారికి చిరునామా చిక్కు సరేసరి: కార్డు ఒక ఊరిలో, కాపురం మరొక ఊరిలో. అయితే వికలాంగుల కోటాలో ఎంపికైతే ఇల్లు వారి పేరుననే మంజూరు కావలెనన్న నిబంధన ఉన్నది. అన్నదమ్ముల పేరున వ్రాయించే పెద్దలకు దీనిని చదివి వినిపించవలె.

మంజూరయ్యే సొమ్ము మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు. గృహస్థుడు నడవగలిగినా, నడవలేకపోయినా అదే మొత్తం. అందుచేత ఇంటి నమూనాను ముగ్గు పోసే నాటికే ఆలోచించుకోవలె. చక్రాల కుర్చీకి ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండవలె. అరుగు రెండడుగులైతే ర్యాంపు ఇరవైనాలుగడుగులు. 2020లో గ్రామాలలో ఇచ్చిన స్థలం సెంటున్నర, అనగా 72.6 చదరపు గజాలు. వెడల్పు ఇరవై అడుగులైతే పొడవు ముప్పైమూడుకు మించదు. ఇల్లు పోగా ముందు అంత ర్యాంపు పట్టే చోటేది? గోడ ప్రక్కగా నడిపి మూలన త్రిప్పవలె, లేక నీరు నిలువని మెరకనేలలో అరుగు తగ్గించుకోవలె. గ్రామాలలో మూడు సెంట్లు ఇవ్వాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. అంత స్థలం దొరికినవారికి ఈ ఇరుకు కొంత తీరుతుంది. పునాది లేచిన తరువాత మెట్లు పగులగొట్టడం తడిసి మోపెడు ఖర్చు గనుక సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటుకు మొదటే చెప్పవలె.

వాకిలి మూడడుగులు ఉండవలె. మరుగుదొడ్డికి మన మేస్త్రీలు రెండడుగుల తలుపు పెడతారు. కుర్చీ అక్కడే ఆగిపోతుంది, మనిషి నేలమీద దేకవలసి వస్తుంది. ఆ తలుపును కూడ మూడడుగులు చేసి, లోపలికి గాక బయటికి తెరచుకొనేట్లు బిగించమని మేస్త్రీకి ముందే చెబితే సరిపోతుంది.